మా నర్సమ్మ చూసిన కేసులు

మా ఊరి నర్సమ్మ పోయింది. మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. కడుపునొప్పి తగ్గక గుంటూరు తీసుకెళ్తే, "కేసు చెయ్యి దాటింది, ఇంటికి తీసకపోండి అన్నారంటక్కా" అన్నాడు వాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా ఊరి కేసులు మోసిన మనిషిని చివరికి ఆ ఒక్క మాటలో చుట్టి ఇంటికి పంపించారు.

ఆమె ఎవరో మీకు తెలియదు కాబట్టి చెబుతాను. దాచేపల్లికి అవతల, నాపరాళ్ళ క్వారీల మధ్య ఉంటుంది మా ఊరు. ఎనభైల్లో అక్కడ డాక్టరు లేడు. ఉన్నదల్లా సర్కారు వేసిన ఈ నర్సమ్మే. తెల్లచీర, భుజాన సంచి, ఎండాకాలమైతే నెత్తిన తడిపిన తువ్వాలు. ఆదివారం చర్చికి పోయే పూట తప్ప ఆమె ఇంటిపట్టున కూర్చోగా నేను చూడలేదు.

ఆమెకి ఇంగ్లీషు ఎంత వచ్చో తెలియదు గానీ, కేసు అనే మాట లేకుండా పూట గడిచేది కాదు. కాన్పు చెయ్యడానికి పోతూ ఎదురైతే "కేసుకి పోతన్నా, మాటల్లో పెట్టమాకు" అనేది. తేలు కుడితే తేలు కేసు, తొలిచూలు పిల్ల ఫస్టు కేసు. తన వల్ల కాదనుకుంటే "ఇది నా కేసు కాదు, బస్సెక్కించండి" అని మొహం మీదే చెప్పేది. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి నడివీధిలో ఆపి, "ఒరేయ్, నువ్వొక కేసువిరా, నీకు మందు లేదు" అంటే వాడు కూడా తల గోక్కుంటూ నవ్వేవాడు. పెళ్ళిలో కూల్‌డ్రింకుల కేసు దింపుతుంటే, "నన్ను పిలవకుండా వచ్చిన కేసు ఇదొక్కటే" అనేది. కళ్ళజోడు కేసులో జోడు ఎప్పుడూ ఉండేది కాదు, లవంగాలు ఉండేవి. నొప్పులు పడే ఆడపిల్లలకి చెప్పే మాట మాత్రం ఒకటే: "ఏడవమాకే, అరువు. అరిస్తే బలమొస్తది."

కేసు అనే ఆ మాటే మా ఊరికి ఇంకో రకంగా తెలుసు. పల్నాట్లో పుట్టినవాడికి కేసంటే పోలీసు కేసే, ముందు ఇంకో ముక్క తగిలించక్కర్లేదు. రెండు పార్టీలు కొట్టుకుంటే ఆ రోజు ఊళ్ళోనే లేనివాడి పేరు కూడా కేసులో ఎక్కేది. వాయిదాలకి తిరిగి తిరిగి ఎకరాలు అమ్ముకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. జీపు చప్పుడైతే, ఏ పాపం ఎరగని మగాళ్ళు కూడా కంచం ముందు నుంచి లేచి చేలల్లోకి పోయేవాళ్ళు. కేసంటే ఆమె పరిగెత్తుకొచ్చేది, మేము పారిపోయేవాళ్ళం.

ఆ భయమే మా అన్నను చంపింది.

అన్న క్వారీలో పనిచేసేవాడు. రాయి పగలగొట్టడానికి పెట్టిన మందు తూటా ఒకటి పేలలేదని దగ్గరికి పోయి చూడబోయాడు. అప్పుడు పేలింది. ఆ క్షణమే లారీ ఎక్కించాలి కదా! మావాళ్ళు ఇంటికి మోసుకొచ్చారు. క్వారీ నడిపే మేస్త్రీ వెంటే వచ్చి, "ఇయ్యి చూస్తే బాంబు దెబ్బలంటారు, కేసవుద్ది" అన్నాడు. కాలిన చొక్కా విప్పి పొయ్యిలో పడేశారు. ఒళ్ళు కడిగి ఉతికిన పంచె కట్టారు. ఎద్దు కుమ్మిందని చెబుదామని అందరూ ఒక మాట అనుకున్నాకే నర్సమ్మకి కబురు వెళ్ళింది. మా ఊళ్ళల్లో ఇది కొత్తేమీ కాదు. దెబ్బ తగిలినవాడికి ముందు కథ అల్లేవాళ్ళు, తరువాతే కట్టు కట్టేవాళ్ళు.

ఆమె వచ్చి అన్న మొహం మీదకి వంగింది.

"ఎద్దు కుమ్మితే కనుబొమలు కాల్తయ్యా?"

ఆమె మా అమ్మ గడ్డం పట్టుకుంది. "నువ్వు చెప్పు వదినా. నీ కడుపున పుట్టినోడు గదా."

అమ్మ మేస్త్రీ వైపు చూసింది. "ఎద్దేనమ్మా" అని గోడకేసి తల కొట్టుకుంది. అప్పుడు అన్న పెదాలు కదిలాయి. నర్సమ్మ చెవి ఆనించింది. వాడి మాట మాకు వినబడలేదు. ఆమె మాత్రం లేచి నిలబడి, "తూటా. లారీ తెప్పించండి" అంది.

లారీలో అన్న తల ఆమె ఒళ్ళో పెట్టుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దారిలో ఒక ప్రైవేటు డాక్టరు మెట్లు కూడా దిగలేదు. పోలీసు కేసు, ముట్టుకోనన్నాడు. "ఊపిరాడతంటే కేసేందయ్యా! ముందు సెలైను పెట్టు, రాసేదేందో నా పేరున రాయి" అని రోడ్డు మీద నిలబడి అరిచింది. ఆయన తలుపేసుకున్నాడు. గుంటూరు చేరకముందే అన్న కాళ్ళు నా చేతుల్లో చల్లబడ్డాయి. ఆమె వాడి కళ్ళు మూసి, "నా వల్ల కాలేదే" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

బళ్ళో ఇంగ్లీషు మాస్టారు కేసు అనే ఆ మాటకే ముందు 'ఇన్' అని చేర్చి, 'ఇన్ కేస్' అంటే ఒకవేళ అని అర్థం చెప్పారు. ఆ ఒకవేళ నన్ను ఇన్నేళ్ళుగా నిద్రపోనివ్వలేదు. ఒకవేళ ఒళ్ళు కడగకుండా లారీ ఎక్కించి ఉంటే. ఒకవేళ ఆ డాక్టరు మెట్లు దిగి ఉంటే.

పోయినవాడు ఎలాగూ రాడు, ఊరుకోమని నాన్న ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "ఎద్దు మీద పెడితే రేపు ఇంకోడు పోతాడన్నా. వాడు నాకు చెప్పి పోయాడు, నేనేం చేసేది?" అని స్టేషనుకి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. మేస్త్రీ మీద కేసు కట్టారు. వాడు మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, "బాంబులు చుడతంటే పేలిందని రాయిస్తా. ముద్దాయి నీ చిన్నకొడుకే" అని నాన్నతో చెప్పి వెళ్ళాడు. తమ్ముడికి అప్పటికి మీసం కూడా రాలేదు.

గురజాల కోర్టుకి నాన్న వెంట నేనూ వెళ్ళాను. ఆమె బోనెక్కి తూటా అంది. కన్నతండ్రి కంటే నీకెక్కువ తెలుసా అని ప్లీడరు నవ్వాడు. "నా చెవిలో చెప్పాడయ్యా" అంది. తరువాత నాన్న ఎక్కాడు. నేల చూస్తూ, ఎద్దు కుమ్మిందన్నాడు. బతికున్న కొడుకు కోసం చచ్చిన కొడుకుని ఎద్దుకి ఒప్పజెప్పాడు. ఆయన్ని నేను తిట్టలేను, క్షమించనూ లేను. కొన్నాళ్ళకి కేసు కొట్టేశారు.

ఆ తరువాత కూడా ఆమె మా గడప తొక్కడం మానలేదు. మంచం పట్టిన అమ్మకి సూదులు వేసింది. నా ఇద్దరు పిల్లలూ ఆమె చేతుల్లోనే పుట్టారు. కోర్టు మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఇంత మంచితనానికి ఏం ఇచ్చి రుణం తీర్చుకోవాలో మాకు తెలియలేదు, ఇప్పుడిక అడగడానికి కూడా ఆమె లేదు.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం గురజాల నుంచి మా ఊరికి ఒకటే బస్సు. ఆమె ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నాన్న ఎక్కి, ఆమెను చూసి, రాడ్డు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఆమె ఇంకాస్త కిటికీ వైపు జరిగింది.

"కూసో అన్నా. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు."

నాన్న కూర్చోలేదు. జనం ఎక్కుతూనే ఉన్నారు. ఖాళీయేనా అని అడిగిన ప్రతివాళ్ళకీ ఆమె తల అడ్డంగా ఊపింది. కాలు పెట్టే చోటు లేని ఆ బస్సులో, ఊరు వచ్చేదాకా, నాన్న కోసం ఆ సీటు మీద అరచెయ్యి ఆనించే ఉంచింది.