ఆస్ట్రియా తాత కథకు నేను తగిలించిన తోక

మొన్న శుక్రవారం ఈ అరబ్బు దేశంలో, రిగ్గై పేటలోని మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని కుర్చీలోంచి లేచి వచ్చేశాను. కత్తి గాటు పడిందేమోనని మంగలి బెదిరిపోయాడు పాపం. పక్క కుర్చీలో మనవాడెవరో ఫోనులో తెలుగు కథ పెట్టుకుని వింటున్నాడు. వందేళ్ల కిందట ఆస్ట్రియా దేశంలో దయ్యాల కథలూ వింత కథలూ రాసిన ఒకాయనదని అందులో చెప్పగానే నేనిక అక్కడ నిలవలేకపోయాను, ఎందుకంటే ఆ పెద్దమనిషితో నాకు పాత తగవుంది.

షువైఖ్ పేటలో మేం పనిచేసే గ్యారేజీ వెనక గదిలో ఆరుగురం ఉండే రోజులవి. తనకు చదవడం రాకపోయినా, మేం కడప అన్న అని పిలిచే ఒకాయన బొంబాయి రైల్లో దొరికిందని తెచ్చిన అట్టలేని అనువాద పుస్తకమే మాకు సినిమా, రేడియో అన్నీ. ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పినవాణ్ణయినా, కూడబలుక్కోకుండా చదివేది నేనొక్కణ్ణే కాబట్టి శుక్రవారం అన్నాలయ్యాక వినిపించే పని నా మీద పడింది. రచయిత పేరు నోరు తిరగక ఆస్ట్రియా తాత అనేవాణ్ణి.

ఆ వారం కథలో ఒకడు చచ్చినవాడి కోటు కొనుక్కుంటాడు. తొడిగిన కొద్దీ వాడికి ఆ చచ్చినవాడి దగ్గు, నడక పట్టుకుంటాయి. ఆ తర్వాత పుటలు లేవు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే ఆపడానికి మనసొప్పక, ఉన్న పుట మీదే కళ్లు పెట్టి, నలభయ్యో రోజున ఎవరో చచ్చినవాడి పేరుతో పిలిస్తే కోటువాడు పలికాడని అదే గొంతుతో చదివేశాను.

మా దగ్గర ఇంటికి వెళ్లిపోయేవాడు పనిలో ఒంటినిండా తొడుక్కునే తన కవరాల్, దుప్పటి కొత్తవాడికి వదిలిపెట్టడం వాడుక. వచ్చి నెల తిరగని మా బావకు, అంటే మా చెల్లెలి భర్తకు, అలాగే ఒక కవరాల్ దక్కింది. దాని సొంతదారు ఇంటికి పోలేదు, మా గదిలోనే గుండె ఆగి చనిపోయాడని బావకు మేం చెప్పలేదు. కథ విన్న ఊపులో కడప అన్న నోరు జారాడు.

తెల్లారి బావ ఆ కవరాల్ మూలకు విసిరి, ఇంటికి పోతానని పెట్టె సర్దుకుని దాని మీద కూర్చున్నాడు. మధ్యాహ్నంలోపు పనిలోకి రాకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దుచేసి పంపించేస్తానని, మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ కబురు పెట్టాడు. చెల్లెలు నా భరోసా మీద పంపిన మనిషి. ముగింపు నేను అల్లిందేనని ఒట్లు పెట్టాను, పుటలు ఊడిన పుస్తకం చూపించాను. అక్షరమ్ముక్క రాని బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు సదువంగ నా చెవులతోని ఇన్న బావా. నన్ను ఆపనీకి ఇప్పుడు అబద్ధమాడుతున్నవ్," అన్నాడు.

ఇక చేసేదేముంది, నా కవరాల్ విప్పి ఆయనకిచ్చి, చచ్చినాయనది నేను తొడిగాను.

"నలభై దినాలు జూడు బావా. నేను మారిన్ననిపిస్తే అప్పుడు పో," అన్నాను.

నలభై రోజులూ బావ నన్ను కనిపెట్టి చూశాడు. అబద్ధం పుట్టించిన నేనేమో దగ్గొస్తే దిగమింగుకున్నాను, నడుస్తూ ఆగి నా అడుగులు నేనే చూసుకున్నాను, కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. నలభయ్యోనాడు బావ టీ పట్టుకుని వెనకనుంచి వచ్చి చచ్చినాయన పేరుతో పిలిచాడు. నేను పలకలేదు గానీ నా గుండె పలికినంత పని చేసింది. బావ ఆ టీ నా చేతిలో పెట్టి పనిలోకి పోయాడు. పన్నెండేళ్లున్నాడు ఈ దేశంలో.

ఇప్పుడు కవరాళ్లు కొత్తవే మడతపెట్టి ఇస్తున్నారు, మంచిదే. గదిలో ఆరుగురికీ ఆరు ఫోన్లు, ఎవరి చెవిలో కథ వారిదే. నేనేదైనా కోతలు కోస్తే పక్క మంచమాయన ఫోనులో వెతికి తప్పని తేల్చేస్తాడు. నా నోటి మాటను నాకంటే ఎక్కువ నమ్మి పెట్టె సర్దుకునే మనిషి ఇక దొరకడు. దొరికినా, అంత ధైర్యంగా అబద్ధం చదవడం ఇప్పుడు నాకు చేతకాదు.