మా అవ్వ నమ్మిన పురుగు

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో నాకంటే తెలివైనవాడు లేడని నా గట్టి నమ్మకం. పగలంతా మగ్గం పని, సాయంత్రం సెల్‌ఫోను (ఆ వయసులో అంత నమ్మకానికి ఇంకేం కావాలి?). ఒక వీడియోలో ఎక్కడో చలిదేశంలో ఒక దొర మోకాలి లోతు ఏట్లో నిలబడి, ఈకలతో చేసిన దొంగ పురుగును నీటిమీదికి విసురుతున్నాడు. ఎండాకాలం పురుగులు లేచి నీటిమీద వాలే వేళ అది. ట్రౌట్ చేపలు దాన్ని నిజం పురుగనుకుని ఎగిరి పట్టుకుంటున్నాయి. ఎర్రలు గుచ్చి గంటలకొద్దీ కూర్చునే మా ఊరివాళ్ల మీద నాకు అప్పటికప్పుడు చులకన పుట్టింది.

మా కాలువలో ట్రౌట్‌లు లేవు, పరిగెలనే చిన్నచేపలున్నాయి. ఎండాకాలం నీళ్లు వదలకపోయినా తూము కింద మడుగు మిగిలేది. తెగిన పట్టుపోగులతో కోడి ఈకలను చిన్న గాలాలకు చుట్టి పురుగులు తయారుచేశాను. వెదురుకర్రకు దారం కట్టి తలచుట్టూ తిప్పి విసిరితే అది పోయి తుమ్మచెట్టుకు తగులుకునేది. గొడ్లు కాసే పెద్దాయన ఒకాయన చాలాసేపు చూసి, "ఏమప్పా, ఈగలు తోలుకుంటాండావా?" అని అడిగి తన దారిన పోయాడు.

నన్ను నమ్మింది మా అవ్వ ఒక్కతే. ఆదివారం నేను కర్ర పట్టుకోగానే చేపల పులుసుకు మసాలా నూరేది. వట్టి చేతులతో వస్తే అందులో వంకాయలు వేసేది. "సచ్చేలోపల నీ సేతి సేప తింటానో లేదో అబ్బోడా" అనేది, వంకాయ తింటూ. తొలకరి వానకు రెక్కల ఉసుళ్లు పుట్టల్లోంచి లేచిన సాయంత్రం చేపలు వాటికోసం ఎగురుతాయి, ఆ రోజు తప్పకుండా తెస్తానని మాటిచ్చాను. అప్పటికి నా పురుగులన్నీ తుమ్మచెట్టు పాలయ్యాయి. మిగిలిన ఒక్క గాలానికి అచ్చం ఉసుళ్లకున్నట్టే రెక్కలు కట్టి, జిగురు ఆరడానికి గోడగూట్లో పెట్టాను.

ఆ సాయంత్రమే వాన పడి వెలిసింది. కర్ర తీసుకుని ఒకటే పరుగు. మడుగంతా చేపలు ఎగురుతున్నాయి. జేబులో చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది, పురుగు గూట్లోనే ఉంది. మళ్లీ ఇంటికి పరుగెత్తాను. కరెంటు పోయిందని అవ్వ ఆ గూట్లోనే దీపం పెట్టింది. దీపానికి వచ్చి పడిన ఉసుళ్లను ఊడ్చి పెనం మీద వేయిస్తోంది (మా వైపు వాటిని బొరుగుల్లో, అంటే మరమరాల్లో, కలుపుకుని తింటాం, మొహం అలా పెట్టకండి).

"అవ్వా, గూట్లో నా పురుగు యాడ?"

"యాడికి పోతాది, పెనంలో సూడు. ఒగటి గూడా ఇడిసిపెట్టలే."

పెనంలో ఒక పురుగుకు గాలం మెరుస్తోంది. ఈక కాలిన వాసన. అవ్వ దాన్ని తీసి దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నువ్వు సేసిందా? నిజం పురుగే అనుకుంటి గదరా."

నాకు ఏడుపొచ్చింది. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బొరుగులు కలిపింది. ఒక్కొక్క పురుగునూ వేళ్లతో తడిమి, గాలం లేదని తేల్చుకున్నాకే నోట్లో వేసుకుంది.

నా పనితనానికి ఈనాటిదాకా దక్కిన మెప్పు అదొక్కటే. అవ్వ నా చేతి చేప తినకుండానే పోయింది. ఇప్పుడు నా కాపురం ఆదోనిలో. తొలకరి పడిందంటే బండెక్కి ఆ మడుగుకే పోతాను. నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ కూడా చేపల పులుసుకు మసాలా నూరుతుంది. వంకాయలు మాత్రం ముందే కోసి ఉప్పునీళ్లలో వేసి ఉంచుతుంది.