రాములమ్మ పాలు పట్టిన తీరు

మంఖాల్‌లో మా పక్కింటి రాములమ్మకు నోరెక్కువ. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన పూలమొక్కలకు కలుపు తీసే ఆడవాళ్లలో ఆమె గొంతే ముందు వినపడేది. మనవరాలు గ్రహణం మొర్రితో పుట్టిన రోజు నుంచి ఆ నోరంతా కోడలు పూర్ణిమ మీదే పడింది.

“ఏడో నెల కడుపుతోని, గ్రహణం నాడు ఇంట్ల పండుమంటే గగన్‌పహాడ్‌ల డ్యూటీకి పోయింది. ఇగ చూడుండ్రి!” అని వాడంతా చాటింది. ఊరుకొమ్మని నేనూ అనలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

పెదవితో పాటు అంగిలి కూడా చీలడంతో పిల్ల రొమ్ము పట్టలేకపోయింది. రాములమ్మ కాళ్లు చాపి, వాటి మీద పిల్లను పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పాలు పోసేది. తాగినదానికన్నా ముక్కులోంచి కారిందే ఎక్కువ. ఇరవై రోజులకు పిల్ల పుట్టినప్పటికంటే తేలికైంది, ఏడవడం కూడా మానేసింది. ఇక దక్కదేమోనని భయపడి ముగ్గురం ఆటోలో శంషాబాద్ దవాఖానకు పరుగెత్తాం.

అక్కడా రాములమ్మ గ్రహణం సంగతే మొదలుపెట్టింది. డాక్టర్ మాధవీలత ఆమె కింది పెదవి మీది రెండు చిన్న గుంటలనే చూస్తున్నారు.

“ఇవి పుట్టుకతోనే ఉన్నాయా అమ్మా?”

“అవు. నా కొడుక్కు గూడ ఉన్నయి.”

“అయితే ఇది గ్రహణం పని కాదండీ. కడుపులో బిడ్డ పెదవి రెండో నెలలోనే కలిసిపోతుంది. అప్పుడు మిగతా జన్యువులకు పని పురమాయించే మేస్త్రీ లాంటి జన్యువు ఒకటుంది, ఐఆర్‌ఎఫ్6 అంటాం. మీ ఇంట్లో దానిలోనే లోపం ఉన్నట్టుంది, పరీక్ష చేస్తే తేలుతుంది. ఆ లోపం ఒకరికి గుంటలతోనే ఆగుతుంది, ఇంకొకరికి మొర్రి అవుతుంది. మీ కోడలి తప్పేమీ లేదు.”

పూర్ణిమ భోరుమంది. రాములమ్మ తల దించుకుంది.

డాక్టర్ పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నెతోనే చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పాలు పట్టారు. “పడుకోబెట్టి పోయకూడదమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఇలా పాలు పడితే బరువు పెరుగుతుంది, ఆపరేషన్ చేయొచ్చు.”

పిల్ల గుటక వేసింది. మాకు ప్రాణం లేచొచ్చింది. రాములమ్మ మాత్రం గోడ పట్టుకుని కూలబడింది.

“నా పెద్దబిడ్డకు గూడ గిట్లనే ఉండె.” ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. “గ్రహణం నాడు బయట తిరిగినవని మా అత్త తిట్టె. నేను గిట్లనే కాళ్ల మీద పండబెట్టి పోసిన. పదో రోజు పాలు పోస్తుంటనే ఊపిరి ఆగింది. చెప్పు డాక్టరమ్మా, గా పిల్లను కూసోబెట్టి పడితే బతుకుతుండెనా?”

పూర్ణిమ పిల్లను తెచ్చి అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. పట్టుకోవడానికి రాములమ్మకు చేతులు రాలేదు.