ఒకే వంట తినేవాళ్ళు

కొన్నేళ్ళుగా నేను ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాసింది నేనే. దాని కింద నా పేరు లేదు. అలాంటి వాటి కింద ఎవరి పేరూ ఉండదు. అయినా ఆక్లండ్‌లో, ఈ హాబ్సన్‌విల్‌లో మా వీధిలో ఎవరిదో గ్యారేజ్ తలుపు గరగరమంటూ పైకి లేస్తే కిటికీ తెర తీసి చూస్తాను. షాపులో నా వెనక నిలబడినవాళ్ళు పొడిదగ్గు దగ్గితే తిరిగి చూడకుండా ఉండలేను. పోలీసులు వస్తారనా? రారు. ఎవరూ రాకుండా ఆ వాక్యం చూసుకుంటుంది. అందుకే నా భయానికి అంతు లేకుండా పోయింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టించుకోకండి, అది నాకు పాత అలవాటు.

ఈ దేశానికి మా ఆయన ఉద్యోగం మీద వచ్చాం. గుంటూరులో లా చదివినదాన్ని కాబట్టి నాకు ఒక ఊరి కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, పని దొరికింది. ఊరి పేరు చెప్పను. పామర్‌స్టన్ నార్త్ కాదు, దానికన్నా చిన్నది. అప్పటికింకా అద్దె ఇళ్ళ వెచ్చదనం గురించి ఇప్పుడున్న నిబంధనలు దేశమంతటికీ రాలేదు. మా కౌన్సిల్ తన ఊరి మటుకు ఒక బైలా, అంటే ఆ ఊరికే చెల్లే చట్టం, చేసుకోవాలనుకుంది. అద్దెకిచ్చే ఇల్లు ఎలా ఉండాలి, చూసి రావడానికి ఎవరికి హక్కు ఉంది, అలాంటివన్నీ అందులో ఉంటాయి. నిర్వచనాలు రాసే పని నాకిచ్చారు.

చట్టంలో నిర్వచనాలు మొదటి పేజీల్లో ఉంటాయి. ఎవరూ చదవరు. అసలు ప్రాణమంతా అక్కడే ఉంటుంది. పడకగది అంటే ఏమిటో ముందు చెబితేనే పడకగదికి కిటికీ ఉండాలన్న మాటకు బలం. అద్దెదారు అంటే ఎవరో తేలితేనే ఎవరి కిటికీ గురించి మాట్లాడుతున్నామో తేలుతుంది. ఈ పని నాకు చాలా నచ్చింది. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నేను ఒక మాట కుదించానంటే ఒక ఇల్లు చట్టం లోపలికి వస్తుంది, ఒక ఇల్లు బయటికి పోతుంది.

'చెమ్మ' అనే దానికి నేను రాసిన నిర్వచనాన్ని అందరూ మెచ్చుకున్నారు. తుడిచినా మళ్ళీ అక్కడే వచ్చే నల్ల మరక. వేలితో నొక్కితే మెత్తబడే గోడ. పరుపు ఎత్తితే కింద తడి. ఇంత బాగా ఎలా రాశావని మా మేనేజర్ హెలెన్ అడిగింది. అవీ ఇవీ చదివానన్నాను. చదవలేదు. చూశాను. మా గ్యారేజ్‌లో.

ఆ గ్యారేజ్‌లో మమత ఉండేది.

మమతది కరీంనగర్ దగ్గర. చదువుకోవడానికి వచ్చింది. గది కావాలని తెలుగువాళ్ళ గ్రూపులో పెడితే మేమే పిలిచాం. ఆయన గ్యారేజ్ లోపల నాలుగువైపులా జిప్సం బోర్డు కొట్టించి, సిమెంటు నేల మీద ఎవరో తీసేసిన కార్పెట్ పరిచారు. ఒక మంచం, ఒక బల్ల. నెలనెలా మమత ఇంత అని ఇచ్చేది, అద్దె అనేవాళ్ళం కాదు, ఖర్చులకు అనేవాళ్ళం. తిండి మాతోనే. పప్పు, చారు, పెరుగు, ఆదివారం కోడికూర. మా పాపకు జడ వేసేది. నన్ను అక్కా అని, ఆయన్ని బావా అని పిలిచేది. మన పిల్ల అనుకున్నాం. నిజంగానే అనుకున్నాం, ఇది అబద్ధం కాదు. ఇంట్లో ఇంకో గది ఉండేది. అత్తయ్యగారు ఎప్పుడైనా వస్తే ఉంటుందని దుప్పటి పరిచి తలుపు వేసి ఉంచాం.

బైలా పని మొదలైన రోజు హెలెన్ మా అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట అడిగింది. మీలో ఎవరైనా ఇల్లుగానీ గదిగానీ అద్దెకిచ్చారా? ఇచ్చివుంటే ఈ పని నుంచి తప్పుకోవాలి, అందులో తప్పేమీ లేదు, పద్ధతి అంతే. ఒకతను చెయ్యెత్తి, నవ్వుతూ కాఫీ కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను చెయ్యెత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఆ పని పోతుందని. గ్యారేజ్ సంగతి బయటపడుతుందని. దానికి పర్మిట్ కూడా లేదు. ఆ క్షణంలో మమతను అద్దెదారు కాదు, మనమ్మాయి అనుకున్నాను. ఎంత సులువుగా అనుకున్నానో!

ఆ రోజు నుంచి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పరిస్థితి. మీటింగులో గ్యారేజ్ అన్న మాట వస్తే నీళ్ళు తాగేదాన్ని. భయం మనిషిని మంచిదాన్ని చేస్తుందంటారు. నన్ను తెలివైనదాన్ని చేసింది. అద్దెదారు నిర్వచనం దగ్గరికి వచ్చినప్పుడు ఒక మినహాయింపు ప్రతిపాదించాను. ఇంటి యజమాని కుటుంబంతో కలిసి ఒకే వంట తినే మనిషి ఆ ఇంటి సభ్యుడే తప్ప అద్దెదారు కాడు, అలాంటివాళ్ళుండే చోటికి ఈ ప్రమాణాలు వర్తించవు. ఎందుకని హెలెన్ అడిగింది. మా సంస్కృతిలో కలిసి తిన్నవాళ్ళు పరాయివాళ్ళు కాదు, వాళ్ళను అద్దెదారులనడం అవమానం అన్నాను. గొంతు కూడా కొంచెం వణికించానేమో. అక్కడున్న కివీలంతా, ఈ దేశస్థులంతా, మర్యాదస్తులు. మీ సంస్కృతి అలా కాదని నాతో వాదించేవాళ్ళెవరు? ఒక పెద్దాయన చాలా అందమైన ఆచారమన్నాడు. నిర్వచనం అలాగే ఆమోదం పొందింది. కాపలాకు పెడితే కంచే చేను మేసింది, అదీ పద్యం చదువుతూ.

ఆ శీతాకాలం రాకముందే బైలా అమల్లోకి వచ్చింది. మమతకు గ్యారేజ్‌లో అది రెండో చలికాలం. గోడ మీద మరక మంచం వైపుకు దిగింది. మమతే బ్లీచ్ కలిపి తుడిచేది. దగ్గు మొదలైంది. ముందు ఉదయాలు, తర్వాత రోజంతా. తులసి వేసి కషాయం కాచి ఇచ్చాను. హీటర్ ఎక్కువసేపు వేయకమ్మా, కరెంటు బిల్లు చూశావా అని కూడా అన్నాను. రెండూ నేనే. రెండూ ఒకే వారంలో.

క్లినిక్‌లో డాక్టర్ ఎక్కడ పడుకుంటున్నావని మమతను అడిగాడట. చెప్పింది. ఆ డాక్టరే కౌన్సిల్‌కు కబురు పెట్టాడు. నేను సెలవులో ఉన్న ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. ఎదురుగా గ్రాంట్. మా ఆఫీసులోనే కింది అంతస్తులో పనిచేసే ఇన్‌స్పెక్టర్. అది మా ఇల్లని అతనికి తెలియదు. ఇద్దరం బిత్తరపోయాం. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మమత వెల్లుల్లి వలుస్తోంది. అతను బూట్లు విప్పి లోపలికి వచ్చి, చాలా నెమ్మదిగా మమతనడిగాడు.

"మీరిక్కడ అద్దెకుంటున్నారా?"

మమత నా వైపు చూసింది. నేను తెలుగులో, కూర సంగతి చెబుతున్నంత మామూలుగా అన్నాను.

"కలిసే తింటామని చెప్పు. ఇంటి మనిషినని చెప్పు."

మమత నవ్వింది. "షీ ఈజ్ మై అక్క," అంది. "మై సిస్టర్. వి ఈట్ టుగెదర్, ఎవ్రీ డే."

ఆమె అబద్ధమాడలేదు. అదే నన్ను తినేస్తుంది. నేను అడిగానని చెప్పలేదు, నమ్మి చెప్పింది.

గ్రాంట్ తన దగ్గరున్న కాగితాల్లో నా వాక్యం వెతుక్కుని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. గ్యారేజ్ తలుపు అక్కడికి పది అడుగుల దూరంలో ఉంది. తెరవమని అడగలేదు. "దీని గురించి నీకు నేను చెప్పేదేముంది, రాసింది నువ్వేగా," అని నవ్వి బూట్లు తొడుక్కున్నాడు. ఆ నవ్వులో ఏముంది? ఏమీ లేదేమో. అంతా తెలుసేమో. ఆ తర్వాత ఆఫీసు మెట్ల మీద అతను ఎదురైనప్పుడల్లా ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకునేదాన్ని. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాను.

చలి తగ్గకముందే మమతకు న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో చాలా రోజులుంది. ఊపిరితిత్తుల్లో ఒక భాగం ఇక ఎప్పటికీ మామూలుగా పనిచేయదన్నారు. నేను రోజూ మిరియాల చారు పట్టుకెళ్ళేదాన్ని. నర్సులు నన్ను చూసి, మీ అక్క ఎంత మంచిదో అని మమతతో అనేవాళ్ళు. మమత ఆక్సిజన్ గొట్టం సర్దుకుని, "నువ్వు లేకుంటే సచ్చిపోయేదాన్నక్కా," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. జాలితో అనుకుంది. నిజమే, అందులో జాలి కూడా కొంచెం ఉంది. ఎక్కువ భాగం ఆమె ఎవరితోనైనా ఏమైనా చెబుతుందేమోనన్న భయం. మీకు చెప్పడానికి సిగ్గేసే మాట ఇదే.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. డిశ్చార్జ్ అయ్యాక ఆమె స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాట్ తీసుకుంది. మేం గ్యారేజ్‌లో కారు పెట్టుకున్నాం. ఆ ఉగాదికి స్కూలు హాల్లో తెలుగువాళ్ళం కలిసినప్పుడు, ఇల్లు కొత్తగా కొన్న ఒకాయన ఇంకొకాయనకు సలహా ఇస్తుంటే విన్నాను. "వంట కలిపెయ్యండి సార్, పూటకో ముద్ద పెట్టండి, కౌన్సిల్ వాడు మన గడప తొక్కడు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చేతిలో ఉగాది పచ్చడితో నేనూ నవ్వాను. ఆ ఊళ్ళో ఎన్ని గ్యారేజీల్లో ఎంతమంది పిల్లలు నా వాక్యం కింద దగ్గుతున్నారో అని అప్పుడే మొదటిసారి అనిపించింది. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి ఆక్లండ్ వచ్చేశాం. ఆయనకు మంచి ఆఫర్ వచ్చిందని అందరికీ చెప్పాను. వచ్చింది కూడా.

భయం కూడా మాతోపాటే సామాన్లలో వచ్చింది. మమత కూడా ఉద్యోగం వచ్చి ఆక్లండ్‌కే, ఆల్బనీ వైపుకు మారింది. పెళ్ళి చేసుకుంది, ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి నన్ను ముందు నిలబెట్టి, మా అక్క, నన్ను ఇంట్లో పెట్టుకుని సాకింది అని అందరికీ చెప్పింది. మెట్లెక్కితే రెండు పఫ్‌లు ఇన్హేలర్ పీల్చుకుంటుంది. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా తిని పొమ్మంటుంది. వద్దంటే వినదు, డబ్బాలో పెట్టిచ్చి మరీ పంపిస్తుంది.

మొన్న ఫోన్ చేసింది. "అక్కా, మా కింది రూమ్ ఒక పిల్లకిద్దామనుకుంటున్నం. స్టూడెంట్, మనోళ్ళే. జర చెమ్మ ఉంటది గని, హీటర్ ఇప్పుడైతే పెట్టలేం. మనతోని కలిసి తింటే టెనెంట్ కాదంట గద, రూల్స్ ఏం అడ్డం రావంట గద? నువ్వు గదే పని చేసినవ్, నీకన్న ఎవరికెరుక?" మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఆ వాక్యం ఆ పాత ఊరిదే, ఆక్లండ్‌లో చెల్లదు, అయినా నోటిమాటగా ఇక్కడిదాకా వచ్చేసింది. "నేనొచ్చి చూస్తాను, నేనొచ్చేదాకా ఆ పిల్లని రమ్మనకు," అన్నాను.

వెళ్ళాను. కింది గదిలో గోడ మీద మరక చూశాను. వేలితో నొక్కాను. మెత్తబడింది. ఆ గోడ వైపే చూస్తూ చెప్పేశాను. హెలెన్ అడిగిన మాట, నేను ఎత్తని చెయ్యి, వాక్యం, గ్రాంట్ వచ్చిన రోజు ఆమెతో ఎందుకు అలా చెప్పించానో, అన్నీ. తడబడ్డాను. మధ్యలో రెండుసార్లు నన్ను నేను వెనకేసుకొచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. మమత మంచం అంచున కూర్చుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"లోపటి రూమ్ ఖాళీగనే ఉండె గద అక్కా?"

 ఉండింది అన్నాను.

ఆమె ఫోన్ తీసి ఆ పిల్లకు కాల్ చేసింది. "రూమ్ రెడీ కాలే రా. గోడ తడున్నది. అయినంక నేనే చెప్త," అంది. ఫోన్ పక్కన పెట్టి కిటికీ తెరిచింది. పైన కుక్కర్ కూత వేసింది, పప్పు వాసన వస్తోంది. నేను చెప్పులేసుకున్నాను. కారు దగ్గరికి నడిచాను, తలుపు తీశాను, కావాలనే ఆలస్యం చేశాను.

మమత గుమ్మంలోనే నిలబడి ఉంది. తిని పొమ్మనలేదు.

ఆ పాత ఊరి కౌన్సిల్‌కు ఇంకా చెప్పలేదు. ఆ వాక్యం ఇంకా అక్కడ అమల్లో ఉందో తీసేశారో కనుక్కునే ధైర్యం కూడా నాకింకా రాలేదు. మా వీధిలో గ్యారేజ్ తలుపు లేస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను. కానీ ఆ రోజు ఆకలితో ఇంటికొచ్చి, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి అన్నం తింటుంటే, చాలా ఏళ్ళ తర్వాత ముద్ద గొంతులో అడ్డు పడలేదు.