హంస రెక్క కింద చెయ్యి

మొన్న మా బాబాయి తద్దినం రోజున, గుణదలలో ఆయన కూతురు, అంటే మా చెల్లెలి ఇంట్లో, గోడంత టీవీలో ఒక హంస ఎగరడం చూసి నేను చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. భోజనంలో ఏదో పడలేదేమోనని చెల్లెలు నిమ్మకాయ నీళ్లు తెచ్చిచ్చింది. వంటలో లోపం లేదు. గారెలు బాగున్నాయి, పులుసు బాగుంది. లోపమంతా ఆ హంసలోనే ఉంది. షాంపూతో తలంటి, పౌడరద్ది, పెళ్లిపీటల మీదికి పంపినట్టుంది. రెండు రెక్కలూ సమానంగా ఆడించుకుంటూ పోయింది. అది మా హంస కాదు. మా హంసకి ఎడమరెక్క వాలిపోయి ఉండేది.

నాకు అసహ్యాలు ఎక్కువని మా వాళ్లలో పేరు. మీగడ తేలిన పాలు, తడి చేత్తో ఇచ్చిన చిల్లర, ఒకరు తలదువ్వుకున్న దువ్వెన, బస్సులో పక్కవాళ్లు ఒలిచే బత్తాయిపండు, అన్నీ నాకు అసహ్యమే. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలు నా ముందు ముక్కు చీదడానికి భయపడేవాళ్లు. "మా అమ్మాయికి ముందు ముక్కు పుట్టి, తర్వాత మనిషి పుట్టిందే" అని బాబాయి ఏడిపించేవాడు. ఆయన ఏడిపించడానికి కారణం ఉంది. కొండపల్లిలో ఆయన బొమ్మలు చేసే వసారాలోకి నేను చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా వచ్చేదాన్ని కాదు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ఉడికించిన ముద్దని వాళ్లు మక్కు అంటారు. ఏనుగుకి తొండం, గీతకార్మికుడికి చేతులు, పల్లకీకి బోయీలు, అన్నీ విడివిడిగా చెక్కి ఆ మక్కుతోనే అతికిస్తారు. ఒక పూట నిలవుంటే అది పులిసి కొట్టే వాసన చెప్పనలవి కాదు. మా నాన్న ఆ పని వదిలేసి థర్మల్ ప్లాంటులో చేరింది మంచి జీతం కోసమే అని అందరూ అంటారు గానీ, ఆ వాసన భరించలేకే అని నా అనుమానం. ముక్కు నాకు ఆయన పోలికే.

ఇంతకీ ఆ సినిమా సంగతి. పేరు చెప్పను, చెప్పి ఎవరి చేతా చూడనివ్వను. మేఘాల రాజుగారి కూతురు హంస మీద భూమ్మీదికి దిగి వచ్చి, పడవ నడుపుకునే కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. ఉప్పునీళ్లు తగిలితే ఆవిడ కరిగిపోతుందట. మరి ప్రేమించుకోవడానికి లోకంలో ఇంకో చోటు దొరకనట్టు, ఆ ఇద్దరూ కృష్ణ సముద్రంలో కలిసే చోటే కలుసుకుంటూ ఉంటారు. కన్నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి కదా, రీలుకి రెండుసార్లు ఏడ్చిన ఆ పిల్ల బుగ్గలెందుకు కరగలేదో రాసినవాడికే తెలియాలి. హీరో విగ్గు గాలికి పక్కకి జరిగి, తర్వాతి ముక్కలో మళ్లీ సర్దుకునేది. మేఘాలు పరుపు విప్పి పరిచిన దూది. ఒకచోట గింజ కూడా కనిపించేది. ఇంత చెత్త సినిమాని మా ఇంట్లో ఏటా భక్తిగా చూసేవాళ్లం. కారణం ఆ హంస. దాన్ని చేసింది మా బాబాయి.

ఆ బొమ్మలు చేసే పొణికి చెక్క తేలిక. సన్నటి తీగకి వేలాడదీసినా తీగ తెగదు. అందుకని మద్రాసు నుంచి సినిమావాళ్లు కొండపల్లి వెతుక్కుంటూ వచ్చి బాబాయిని తీసుకెళ్లారు. ఊరు దాటని మనిషి మద్రాసు వెళుతున్నాడని పిన్ని కొండ కింద దర్గాకి పోయి ఎర్రదారం కట్టించుకొచ్చి ఆయన కుడి మణికట్టుకి ముడేసింది. "ఎవరెన్ని చెప్పినా తియ్యమాకండి" అంది. తిరిగొచ్చేటప్పటికి చెయ్యి బోసిగా ఉంది. "పనైపోయిం తర్వాతే తీశానే. మక్కు అంటుకుని గట్టిపడిపోతే కోసెయ్యాల్సొచ్చింది" అని ఆయన ఎంత మొత్తుకున్నా పిన్ని నమ్మలేదు. "సినిమావాళ్ల ముందు నామోషీ అయ్యుంటది. దిగిన రోజే తీసి పారేసుంటాడు" అని నాతో అనేది. ఆ మాట ఆయన బతికున్నంతకాలం అంటూనే ఉంది. పోయాక కూడా మానలేదు. మిగతా అన్నిటికీ ఆయన్ని క్షమించింది గానీ, దారం మాత్రం ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అక్కడ జరిగింది ఇదీ. మేఘాల కోసం పొగ వదిలారు. ఆ చెమ్మకి మక్కు నాని, కెమెరా తిరుగుతుండగానే హంస ఎడమరెక్క వాలింది. బాబాయి గబుక్కున దూది కిందికి దూరి, చెయ్యి పైకెత్తి రెక్కని నిలబెట్టాడు. దూది పక్కకి తప్పుకుని, రెప్పపాటు ఆ చెయ్యి పైకి కనిపించింది. డైరెక్టరు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, మళ్లీ తీయడానికి ఫిల్ము లేక, "దూదిలో ఎవడు చూస్తాడులే" అని వదిలేశాడట. నిజంగానే ఎవరూ చూడలేదు, మేము తప్ప. బాబాయికి పెళ్లి ఫొటో ఉంది, ఓటరు కార్డు ఫొటో ఉంది. కానీ కదిలే బాబాయి ఈ లోకంలో ఆ ఒక్కచోటే ఉన్నాడు.

ఆయన పోయిన తర్వాతి ఏడు ఎవరో వీడియో క్యాసెట్ తెచ్చిపెట్టారు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. తద్దినం పెట్టి, భోక్తల్ని పంపి, అందరం తిన్నాక క్యాసెట్ పెట్టేవాళ్లం. చెయ్యి వచ్చేచోట ఆపేవాళ్లం. ఆపితే టీవీలో బొమ్మ వణికేది, చారలు పాకేవి. "అదుగో, ఆయన" అనేది పిన్ని. బొటనవేలి గోరు చీలి ఉందా లేదా అని మేమంతా వాదించుకునేవాళ్లం. మణికట్టు దగ్గర ఏదో నల్లగా ఉండేది. దారమో, నీడో, టేపు మీద మచ్చో తెలిసేది కాదు. పిన్ని టీవీ దగ్గరికి జరిగి, కళ్లు చికిలించి చూసి, వెనక్కి వచ్చి కూర్చునేది.

ఒక వానాకాలం తర్వాత ఆ క్యాసెట్‌కి తెల్లటి బూజు పట్టింది. ఇంకెవరైనా అయితే గవర్నరుపేటలో బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. మా పిన్ని బొమ్మల ఇంటి కోడలు. చెమ్మ పట్టిన చెక్కనేం చెయ్యాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. చాటలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, వేసవి ఎండలో డాబా మీద ఆరబెట్టింది. సాయంత్రానికి టేపు పాత అప్పడంలా వంకర్లు పోయింది. పాపం, ఆవిడ దాన్ని పదే పదే తిప్పి కూడా ఎండబెట్టిందట, రెండువైపులా సమంగా ఎండాలని. ఆ తర్వాత ఎన్నో తద్దినాలు సినిమా లేకుండానే గడిచాయి. తిన్నాక ఏం చెయ్యాలో తెలియక అందరం ఊరికే కూర్చునేవాళ్లం.

ఈ ఏడు మా మరిది, అంటే చెల్లెలి భర్త, ఆ సినిమాని కంప్యూటర్లతో శుభ్రం చేసి కొత్తగా డిస్కు వేశారని తెలుసుకుని తెప్పించాడు. ఉత్తముడు, అత్తగారంటే ప్రాణం. పిన్ని కళ్లజోడు తుడుచుకుని ముందు వరసలో కూర్చుంది. హీరో మొహం మైదాముద్దలా ఉంది, ఒక్క ముడత లేదు. మేఘాలు సబ్బునురుగు. హంస వచ్చింది, ఎగిరింది, పోయింది.

"మళ్లీ వెయ్యి నాయనా" అంది పిన్ని.

మళ్లీ వేశాడు. మళ్లీ పోయింది.

"క్లీన్ చేశారండీ అత్తయ్యగారూ. తీగలూ గీగలూ అన్నీ తీసేశారు" అన్నాడు మరిది.

"తీగలు తీస్తే తీశారు. ఆయన్నెందుకు తీశారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. విగ్గు ఉంచారు, ఆ పాటలు ఉంచారు, ఆ ఏడుపులన్నీ ఉంచారు, మనిషి చెయ్యి ఒక్కటే వీళ్లకి మురికిగా కనిపించిందా! అసహ్యం అనే మాటని నేను ఇన్నేళ్లూ మీగడ మీదా బత్తాయిపండు మీదా వృథా చేశాను. ఛీ అని పైకే అన్నాను. మరిది నా కేసి చూడలేక రిమోటుతో ఏదేదో నొక్కుతూ కూర్చున్నాడు. అలా నొక్కగా నొక్కగా ఒక చిన్న వీడియో మొదలైంది. మరమ్మతుకి ముందు, మరమ్మతు తర్వాత అని. తెర మధ్యలో గీత. ఎడమపక్క పాతది, కుడిపక్క కొత్తది. పాత ప్రింటులోని లోపాలన్నిటినీ మా నిపుణులు ఎలా తొలగించారో చూడండి అని ఒక గొంతు గర్వంగా చెబుతోంది. ఎడమపక్క మా హంస, వాలిన రెక్కతో. దాని కింద, దూదిలోంచి, చెయ్యి. ఆ చెయ్యి చుట్టూ ఎర్రసున్నా.

"ఆపు, ఆపు!" అని పిన్ని లేచి నిలబడింది.

బొమ్మ వణకలేదు. చారలు రాలేదు. క్యాసెట్లో ఎన్నడూ లేనంత స్పష్టంగా ఉంది. బొటనవేలి గోరు చీలే ఉంది. వేళ్ల సందుల్లో పసుపురంగు. మణికట్టుకి దారం, మక్కు అంటుకుని గట్టిపడిన దారం, పిన్ని వేసిన ముడితో సహా.

పిన్ని తెర దాకా వెళ్లి దాన్ని వేలితో తాకింది. "కట్టుకునే ఉన్నాడే అమ్మాయ్" అంది నాతో. "ఊరికే అన్నాను ఆయన్ని, ఇన్నేళ్లూ" అంది. కళ్లు తుడుచుకుని, "ఆ ఎర్రగీత ఏంటే?" అని అడిగింది.

బడిలో ఎర్రసిరాతో అలాంటి సున్నాలు లెక్కలేనన్ని చుట్టినదాన్ని. దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. "చూడమని గుర్తు పెట్టార్లే పిన్నీ" అన్నాను.

వచ్చే ఏడు తద్దినానికి సినిమా పెట్టం, ఆ చిన్న వీడియో ఒక్కటే పెడతాం. ఆ డిస్కు చేసినవాళ్ల మీద నా అసహ్యం ఇసుమంతైనా తగ్గలేదు, తగ్గనివ్వను. కాలం మనుషుల్ని తుడిచేస్తుందని ఈ వయసులో నాకెవరూ చెప్పక్కర్లేదు గానీ, తుడిచేముందు చుట్టూ సున్నా చుట్టి, ఇదుగో తప్పు అని ఇంత స్పష్టంగా చూపించి మరీ తుడుస్తుందని మాత్రం మొన్ననే తెలిసింది.