కడుపు మీద అత్తయ్య చెయ్యి

మధ్యాహ్నం స్నేహితుల ఇంట్లో బార్బెక్యూకి వెళ్లి, మాడిన సాసేజీలు అడ్డూ అదుపూ లేకుండా తినొచ్చి కడుపునొప్పితో సోఫాలో ముడుచుకుపోయిన మా అమ్మాయి కోసం గోరువెచ్చని నీళ్లలో ఇంగువ రంగరిస్తుంటే, దేశం కాని దేశంలో, క్రెయిగీబర్న్‌లోని ఈ వంటిల్లంతా మా పెద్దత్తయ్య వాసనైపోయింది.

"మమ్, ఇట్ స్టింక్స్! డోంట్ టచ్ మీ!" అంది పిల్ల.

ఇంగువ వద్దంటే సరే. ముట్టుకోవద్దంటేనే మనసు చివుక్కుమంది.

రామచంద్రపురంలో, ఎండాకాలం సెలవుల్లో, ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలూ, వేలితో పొడిచి జుర్రుకున్న తాటిముంజలూ పొట్టనిండా కూరుకుని, సాయంత్రానికి పిల్లలం ఒక్కొక్కరమే వచ్చి ఆవిడ ముందు వెల్లకిలా పడేవాళ్లం. నాన్నకి అక్క, మాతోనే ఉండేది. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేసి, వాము నమిలించి, రాత్రికి చారన్నంతో సరిపెట్టేది. మోకాలు చెక్కుకుపోతే శుభ్రంగా కడిగి గుడ్డ కట్టేది గానీ, పక్కింటివాళ్లలా గాయంలో కాఫీపొడి కుక్కనిచ్చేది కాదు. ఇంగువ గొప్ప వైద్యమని నేను వాదించను. నొప్పి ముదిరితే డాక్టరు దగ్గరికని ముందు రిక్షా పిలిపించేది ఆవిడే. అసలు మందు ఆవిడ నోట్లో ఉండేదని మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను. అరచెయ్యి పొట్ట మీద మెల్లగా తిప్పుతూ, పాలలో నీళ్లు కలిపే ఇంటి దగ్గర మొదలుపెట్టి, అప్పడాలు ఎండబెట్టి కాకులతో పోట్లాడే ఇంటిదాకా వీధి వీధంతా దులిపేసేది. ఆ కబుర్ల కోసం లేని నొప్పి కూడా తెచ్చుకునేదాన్ని.

"నిన్న ఎడంపక్కన్నావు కదే, ఇయ్యాల కుడిపక్కకి కాపురం మార్చిందా నీ నొప్పి?" అనేది. అంటూనే చెయ్యి కుడిపక్కకి జరిపేది.

ఇంగువ నీళ్లు సింకులో పారబోసి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాను.

"స్మెల్ పోయింది. చెయ్యి వెయ్యనా?"

కాసేపు బెట్టు చేసింది. "ఓకే. ఓన్లీ హ్యాండ్."

చెయ్యి తిప్పుతూ నేనూ మా వీధిని దులుపుదామని నోరు తెరిచాను. ఈ కంచెల వెనక ఎవరుంటారో, ఏం వండుకుంటారో తెలిస్తే కదా తిట్టడానికి! ఇంత నోరూ పెట్టుకుని ఊరుకున్నాను.

ఆ నిశ్శబ్దం పిల్లకే నచ్చలేదు. "యూ నో వాట్ మాయా డిడ్?" అంటూ మొదలుపెట్టి, తన క్లాసు క్లాసంతటినీ ఇంగ్లీషులో ఏకిపారేసింది. "అమ్మో, నిజంగానా!" అంటూ వింటున్నాను.

అత్తయ్య లేదు, ఇల్లిల్లూ తెలిసిన ఆ వీధీ లేదు. తగ్గిందంటే చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందని, నొప్పి తగ్గిందా అని మాత్రం నేను అడగలేదు.