ఆంబ్రోజ్ పక్క సీటు

హైవే అంచున, ఆవిరి చిమ్ముతున్న నా కారు పక్కన నిలబడి ఉండగా ఒక పాత నీలం వ్యాను వచ్చి ఆగింది. అద్దం దించి ఒక ముసలాయన తల బయట పెట్టాడు. తల మీద అమెరికన్ ఫుట్‌బాల్ టీము టోపీ. ఎండకీ మంచుకీ రంగు వెలిసి, అది మొదట నీలమో బూడిదో చెప్పలేకుండా ఉంది.

"చచ్చిందా?" అన్నాడు కారు వైపు గడ్డం ఎగరేసి.

"ఇంకా లేదు. కొన ఊపిరితో ఉంది."

"మావాళ్ళ టీములాగే అన్నమాట. ఎక్కు."

గ్యారేజీవాడు వచ్చి కారుని లాక్కుపోతానన్నాడు గానీ ఎప్పుడొస్తాడో చెప్పలేదు. నేను రోచెస్టర్ దాకా వెళ్ళాలి. ఆయనా అటే వెళ్తున్నాడట, కాకపోతే మధ్యలో కాలేజీ మైదానంలో టీము శిక్షణ శిబిరం నడుస్తోంది, అక్కడ ఒక పూట ఆగుతాడట. "నీకేం తొందర లేదుగా?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండానే బండి పోనిచ్చాడు. సంచీ వెనక సీట్లోకి విసిరి కూర్చున్నాను. తొందర అనేది నా వయసులో ఎవరికో ఉండే సంగతి.

ఆయన పేరు ఆంబ్రోజ్ కుచిన్‌స్కీ. సరస్సు ఒడ్డునున్న లాకవన్నాలో పుట్టి, అక్కడి ఉక్కు మిల్లులో క్రేను నడిపి, మిల్లు మూతపడ్డాక స్కూలు బస్సు నడిపి, ఇప్పుడు ఏమీ నడపకుండా టీముని నడుపుతున్నాడు, నోటితో. ఆ సరస్సు ఒడ్డున అలాంటివాళ్ళు వీధికి నలుగురున్నారు. కోచ్ ఎవరిని తీసెయ్యాలో, ఎవరికి మోకాలు పనికిరాదో, యజమాని బుర్ర ఎక్కడ పారేసుకున్నాడో మంగలి కుర్చీలో కూర్చుని తేల్చేస్తారు. కానీ ఆంబ్రోజ్ చెప్పే తీరు వేరు. ఆట మన కళ్ళ ముందు జరుగుతున్నట్టు చెబుతాడు. "ఎడమ పక్కన పొట్టివాడు, వంగి ఉన్నాడు, చేతులు నేల మీద, వాడి వెనక పొడుగోడు, అదిగో కదిలాడు..." అంటూ. కిందటేడు ఓడిపోయిన ఒక మ్యాచి మొత్తం బటేవియా ఊరు వచ్చేలోపు చెప్పేశాడు. మధ్యమధ్య ఆగి నా వైపు చూసేవాడు. ఎందుకో మొదట అర్థం కాలేదు. తరవాత తెలిసింది, నేను ఊ కొట్టాలని. ఊ అన్నాను. వెంటనే బండీ కథా రెండూ ముందుకు దూకాయి.

ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ చెప్పేవాడి గొంతు ఎండిపోతుంది. మా తెలుగిళ్ళలో ఆ పని పిల్లలది, నిద్రపోయేదాకా. ఈ దేశానికి దక్షిణాన చుట్టలు చుట్టే కార్ఖానాల్లో, పని చేస్తున్నవాళ్ళకి పేపరూ నవలలూ చదివి వినిపించడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళట. కథ నచ్చితే చుట్టలు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొట్టేవాళ్ళట. అదీ ఊ కొట్టడమే. ఆంబ్రోజ్‌కి ఎవరు ఊ కొట్టేవారో ఇంకొంచెం దూరం పోయాక తెలిసింది.

మాట డ్రాఫ్ట్ మీదికి వచ్చింది. ఏటా ఏప్రిల్లో కాలేజీ ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఏరుకుంటాయి. కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడినవాడికి మొదటి వంతు. ఈ దేశంలో ఓడినవాడిని పిలిచి, ముందు నువ్వు తీసుకో నాయనా అనే చోటు నాకు తెలిసి ఆటల్లోనే ఉంది. బ్యాంకుల్లో లేదు, ఆసుపత్రుల్లో లేదు. అందుకేనేమో, ఆ రోజు ఈ ఊళ్ళవాళ్ళు పండగలా కూడి, ఏరింది నచ్చకపోతే సొంత పెళ్ళి చెడినట్టు ఏడుస్తారు.

"మాకు కావలసింది టాకిల్," అన్నాడు ఆంబ్రోజ్. "బంతి విసిరేవాడి పక్కన గోడలా నిలబడే మనిషి. కిందటేడు మావాడిని ఎన్నిసార్లు నేలకేసి కొట్టారో చూశావా? వాడు లేచేసరికి నాకు నడుం నొప్పి వచ్చేది. అయోవాలో ఒకడున్నాడు, పాడిరైతు కొడుకు, తలుపు గుమ్మంలో పట్టడు. మా వంతు వచ్చేదాకా వాణ్ణి ఎవరూ తీసుకోలేదు. మాకోసమే దేవుడు దాచిపెట్టాడు. మావాళ్ళేం చేశారు?"

"ఏం చేశారు?"

"రిసీవర్ని తీసుకున్నారు! ప్రుయిట్ అట. డెలానో ప్రుయిట్. పరిగెత్తి బంతులు పట్టేవాడు. గాలేస్తే ఎగిరిపోతాడు. ఇల్లు కారుతోందిరా అంటే గాలిపటం కొనుక్కొచ్చారు."

"మీ ఊళ్ళో అందరిదీ ఇదే మాటా?"

ఆంబ్రోజ్ ముందున్న లారీని దాటించాడు. అద్దంలో చూసుకుని, టోపీ సర్దుకున్నాడు.

"మా అక్క బెర్నీ మంచి ఎంపిక అంది," అన్నాడు.

అసలు కథ అక్కడుంది. స్టేడియంలో, మైదానం కొసన ఉండే ఎండ్ జోన్ పైన వాళ్ళకి రెండు సీట్లు, వాళ్ళ నాన్న నాటివి. ఆయన పోయాక అక్కా తమ్ముడూ కూర్చుంటున్నారు. బెర్నడెట్ పెళ్ళి చేసుకోలేదు. చర్చి బడిలో పాఠాలు చెప్పింది, ఆదివారం ఉదయం ప్రార్థన, మధ్యాహ్నం ఆట. కొన్నేళ్ళ కిందట ఆమె చూపుకి రెండు కళ్ళలోనూ సరిగ్గా మధ్యన ఒక మచ్చ వచ్చింది. అంచులు కనిపిస్తాయి, నడిమధ్య కనిపించదు. మైదానం కనిపిస్తుంది, బంతి కనిపించదు. ఆ సంగతి తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆంబ్రోజ్ పక్కన కూర్చుని, చెవి దగ్గర మెల్లగా చెబుతూ వచ్చాడు. ఆవిడ ఊ, ఊ అంటూ వింటుంది. అందరితోపాటు లేచి అరుస్తుంది, రిఫరీని తిడుతుంది. ముందు వరుసవాళ్ళకీ వెనక వరుసవాళ్ళకీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. పైగా ఆంబ్రోజ్ బాత్రూముకి వెళ్తే, వెనకనున్న ప్లంబరు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ జరుగుతున్నది గట్టిగా చెప్పేవాడట. ఆ వరుసలో అదొక మర్యాద. దాన్ని ఎవరూ తప్పలేదు.

"నేను తప్పాను," అన్నాడు ఆంబ్రోజ్.

డ్రాఫ్ట్ అయిన రెండో రోజు బెర్నీ రేడియోకి ఫోన్ చేసిందట. ఆ ప్రాంతంలో పొద్దున్నే ఒక కార్యక్రమం వస్తుంది, ఎవరైనా ఫోన్ చేసి టీముని తిట్టొచ్చు. ఆవిడ మాత్రం పొగిడింది. ప్రుయిట్ మంచి కుర్రాడనీ, మా తమ్ముడికి టాకిల్ పిచ్చనీ, వాడి పెళ్ళప్పుడు కూడా పెళ్ళికూతురి భుజాల కొలతే చూశాడనీ చెప్పింది. ఊరంతా నవ్వింది. మర్నాడు ఆంబ్రోజ్ ఫోన్ చేశాడు.

"కార్యక్రమం నడిపేవాడు గిల్లాడు. 'ఏం ఆంబ్రోజ్, మీ అక్కకే నీకన్నా ఎక్కువ తెలుసటగా?' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అన్నాను."

"ఏమన్నావు?"

"'ఆవిడకి బంతే కనపడదయ్యా, నేను చెప్పబట్టి గానీ' అన్నాను."

వ్యాను కిటికీలోంచి గాలి హోరుమంటోంది. నేను ఊ అనలేదు.

"ఆ రేడియోవాడు గబుక్కున పరుపుల ప్రకటన వేసుకున్నాడు," అన్నాడు ఆంబ్రోజ్. "ఊరంతా వింది. చర్చివాళ్ళు విన్నారు. ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తియ్యలేదు. లోపల్నుంచే ఒక మాటంది. 'ఆ కుర్రాడి వీడియోలు చూసి నాకు చెప్పిందెవర్రా? బంతి జారినా ఆగకుండా పోయి వేరేవాడికి అడ్డు నిలిచాడని నువ్వేగా చెప్పావు. నేను నీ మాట నమ్మాను. నువ్వే నమ్మలేదు.' అంతే. మళ్ళీ మాట్లాడలేదు. ఈ ఏడు తన సీటు మా అన్న కూతురు మార్లీన్ మొగుడికి ఇచ్చేస్తుందట. వాడు ఆట మధ్యలో ఫోన్లో ఇంకో ఆట చూసే రకం."

"మరి శిబిరానికి ఎందుకు?"

"ఆ ప్రుయిట్‌గాణ్ణి నా కళ్ళతో చూడాలి. వాడు పనికిరాడనుకో, నేను చెప్పిందే నిజం."

"నిజమైతే అక్క సీటుకి వస్తుందా?"

"నువ్వు కారు బాగుచేయించుకోవడం చూసుకో గురూ," అన్నాడు.

మైదానం పక్కన గడ్డి గట్టు మీద చెక్క బెంచీలు. పిల్లలు సంతకాల కోసం తాడు దగ్గర తోసుకుంటున్నారు. సాసేజీలు కాలుతున్న పొగ. ఆంబ్రోజ్ రెండు కొని, ఒకటి నా చేతిలో పెట్టి, పై వరుసలో చోటు చూశాడు. కూర్చున్నాడో లేదో ఎవరెవరు ఆగస్టు చివర టీములో మిగులుతారో, ఎవరు సూట్‌కేసు సర్దుకోవాలో తేల్చడం మొదలుపెట్టాడు. అలా మిగిలే యాభై ముగ్గురి జాబితా ఆయన బుర్రలో ఇప్పటికే పూర్తయింది. అందులో ప్రుయిట్ లేడు.

"అదిగో వాడే. పదిహేడు నంబరు. కాళ్ళు చూడు, కొంగ కాళ్ళు."

కొంగ కాళ్ళవాడు పరిగెత్తాడు. బంతి చక్కగా చేతుల్లోకే వచ్చింది. జారిపోయింది. బెంచీల మీద జనం ఉసూరుమన్నారు. ఆంబ్రోజ్ నా మోకాలి మీద చరిచాడు.

"చూశావా! చూశావా! ఏం చెప్పాను?"

ఇన్నాళ్ళూ వెతుకుతున్నది దొరికినవాడిలా ఉంది ఆయన మొహం. కానీ పక్కకి తిరిగి చూసేసరికి అక్కడున్నది నేను. ఆ వెలుగు ఎక్కువసేపు నిలవలేదు.

తరవాతి విడతలో బంతి అటుపక్క ఇంకొకడి చేతిలో ఉంది. ప్రుయిట్‌కి దానితో పనే లేదు. అయినా మైదానం అడ్డంగా పరిగెత్తుకొచ్చి, తనకి రెండింతలున్న మనిషి ఛాతీకి భుజం ఆనించి నిలబెట్టేశాడు. వెనక్కి నెట్టుకుపోతున్నా వదల్లేదు. బంతి పట్టుకున్నవాడు పక్కనుంచి దూసుకుపోయాడు. జనం చప్పట్లు కొట్టింది ఆ పరిగెత్తినవాడికి. ఆంబ్రోజ్ కొట్టలేదు. నోట్లో సాసేజీ నమలడం మానేశాడు.

సరిగ్గా అప్పుడు మాకు మూడు వరుసల కింద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. పాఠాలు చెప్పిన గొంతు, వెనక బెంచీకి అందేలా అరవకుండానే మాట్లాడే రకం.

"జారిందిగా, తరవాత? తరవాతేం చేశాడే?"

ఆంబ్రోజ్ మెడ చాచి కిందికి చూశాడు. తెల్లజుట్టు, గడ్డి టోపీ, పక్కన బెంచీ మీద పెద్ద చేతిసంచీ. అవతలి పక్క చలవద్దాలు పెట్టుకుని ఒక యువతి.

"ఏముందత్తా, వాళ్ళెవరో పరిగెత్తారు, అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు," అంది మార్లీన్.

"ప్రుయిట్ సంగతి చెప్పవే. పదిహేడు."

"పదిహేడా? నిలబడ్డాడు. అక్కడెక్కడో. ఇంతకీ నీకు నిమ్మరసం కావాలా?"

"నిలబడ్డాడా!" అన్నాడు ఆంబ్రోజ్ పళ్ళ సందునుంచి. "కళ్ళున్నాయా దీనికి?"

అన్నాక ఆ మాట తన చెవిన పడ్డట్టుంది. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వెళ్ళొచ్చుగా," అన్నాను మెల్లగా.

"వెళ్ళి ఏమంటాను? రేడియోలో అన్నది వెనక్కి వస్తుందా?"

కింద మైదానంలో మళ్ళీ ఈల వేశారు. ఆటగాళ్ళు వరుస కట్టారు. "ఇప్పుడెవరే ముందున్నది?" అంటోంది బెర్నీ. "తెల్ల చొక్కాలవాళ్ళత్తా," అంటోంది మార్లీన్. "రెండు పక్కలా తెల్ల చొక్కాలేనా?" "ఒక పక్క నీలమనుకుంటా. ఎండగా ఉంది, సరిగ్గా కనపడ్డం లేదు." బెర్నీ తల కొంచెం వంచుకుంది. గడ్డి టోపీ నీడ ఆమె చేతుల మీద పడింది. ఇక అడగలేదు. ఆట జరిగిపోతోంది, ఆమె ఎదురుగానే, ఆమెకి తప్ప అందరికీ.

ఆంబ్రోజ్ అది ఓర్చుకోలేకపోయాడు. సగం తిన్న సాసేజీని నా చేతిలో కుక్కి లేచాడు. చూపు మైదానం మీదే. బెంచీల మధ్యనుంచి, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగిలించుకుంటూ, కాళ్ళు తొక్కుతూ దిగుతున్నాడు. ఆమె దగ్గరికి చేరేదాకా కూడా ఆగలేదు. రెండు వరుసల పైనుంచే మొదలుపెట్టాడు.

"నిలబడలేదు బెర్నీ. అడ్డంగా వచ్చాడు, అటుచివర నుంచి. పని లేకపోయినా వచ్చాడు. ఎదురుగా పెద్ద శాల్తీ, తొంభై రెండు నంబరు. భుజం కింద భుజం పెట్టాడు..."

ఎవరో "కూర్చోవయ్యా ముసలోడా, అడ్డం!" అని అరిచారు. ఆయన వినిపించుకోలేదు. బెర్నీ తల తిప్పలేదు. మొహం మైదానం వైపే ఉంది.

"వదిలేశాడా?" అంది.

"వదల్లేదు. గడ్డి లేచిపోయేలా తోశారు, అయినా వదల్లేదు. నేను చూశాను."

 ఆమె పక్కనున్న చేతిసంచీ తడుముకుని, తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నా సంచీ ఇంకా ఆయన వ్యానులోనే ఉంది. పిలుద్దామనుకున్నాను. కానీ ఆంబ్రోజ్ ఆ ఖాళీ చేసిన చోటు వైపు ఆఖరి వరుస దిగుతున్నాడు, వెనక్కి చూడకుండా, "ఇప్పుడు వరుస కట్టారు, మనవాడు కుడి చివర, చేతులు తుడుచుకుంటున్నాడు..." అని చెప్పుకుంటూ.